మామిడి పలకలూ, మందం మిషనూ

"ఏమప్పా, ఈ వయసులో పొయ్యి పొయ్యి చిత్రిక మిషను కొన్నావంట?" అని మన సంఘం ఉగాది భోజనాల దగ్గర ఓ పాత స్నేహితుడు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న మా ఆవిడ అందుకుంది: "కొన్నది ఒక్క దినంలోనే అన్నా. కొనేదానికి ముందు రెండేండ్లు చదివినారు. ఆ చదువేదో చిన్నప్పుడే చదివుంటే కలెక్టరయ్యుందురు."

పంక్తిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ చేతులు కడుక్కునే చోట ముగ్గురు మెల్లగా నన్ను పక్కకు పిలిచి, "ఎంతయింది? ఏది మంచిది? మా ఇంట్లో కరెంటు చాలుతుందా?" అని అడిగారు. ఉద్యోగం అయిపోయాక ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, ఉలీ సుత్తీ పట్టుకుందామనుకునే వాళ్ళు మనలో చాలామందే ఉన్నారన్నమాట. ముగ్గురికీ విడివిడిగా చెప్పేకన్నా అందరికీ కలిపి రాస్తే మంచిదనిపించింది.

మాది తమక. కోలారు పట్నాన్ని ఆనుకుని, బెంగళూరు–చెన్నై పాత రహదారి పక్కన ఉంటుంది. దేవరాజ్ అరసు వైద్య కళాశాల ఉన్న ఊరంటే చాలామందికి గుర్తొస్తుంది. నేను పుట్టింది మాత్రం కె.జి.ఎఫ్.లో. మా నాయన బంగారు గనుల వడ్రంగి షాపులో పనిచేశాడు. గని అంటే అందరికీ బంగారమే గుర్తొస్తుంది గానీ, భూమి లోపల తవ్విన చోట పైకప్పు కూలకుండా నిలబెట్టడానికి కర్ర ఎంత కావాలో మా వీధి పిల్లలకు తెలుసు. నాయన చిత్రికను మేం చిత్రిక అంటాం, పక్కింటి తమిళం వాళ్ళు ఇళైప్పుళి అనేవారు, ఎదురింటి కన్నడం వాళ్ళు కీసుళి అనేవారు. ఏ పేరుతో అడిగినా నాయన ఇచ్చేవాడు. తిరిగి తెచ్చేటప్పుడు బ్లేడు మొద్దుబారి ఉంటే మాత్రం మూడు భాషల్లోనూ తిట్టేవాడు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నాయన అప్పటికే లేడు. ఆయన చిత్రిక మాత్రం మా ఇంట్లో ఉంది.

చెట్టు పడిన కథ

2019 వేసవిలో ఒక సాయంత్రం ఈదురుగాలికి, శ్రీనివాసపురం తాలూకాలో మా అత్తగారి ఊళ్ళో ఉన్న నాటు మామిడిచెట్టు పడిపోయింది. అది మా మామగారు నాటిన చెట్టు. తోటలో బాదామి, తోతాపురి వేసింది తరువాత. అమ్ముకునే తోట అది, తినే చెట్టు ఇది. బావమరిది కట్టెలకు అమ్మేద్దామన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే దానికి అర్థం ఉంటుందని ముప్పై అయిదేళ్ళ కాపురంలో నేర్చుకున్నాను. మర్నాడు ట్రాక్టరు మాట్లాడి మొద్దులు సామిల్లుకు తోలించాను.

ఇరవై రెండు పలకలు వచ్చాయి. ఒక్కొక్కటి ఏడడుగుల పొడవు, ఇంచుమించు పదంగుళాల వెడల్పు. మిల్లులో అంగుళంపావు కోయమన్నాను. ఇంటికొచ్చి కొలిస్తే ఒక కొస అంగుళంపావు, రెండో కొస అంగుళంన్నర. కొన్నిట్లో నడుమ ఇంకో లెక్క. మిల్లువాళ్ళను తప్పుపట్టలేం. పెద్ద రంపం, పచ్చి మొద్దు, అలాగే ఉంటుంది.

మామిడి చెక్కకు పురుగు త్వరగా పడుతుంది. అందుకని కోసిన వెంటనే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు అన్ని వైపులా పట్టించాను. పలకకూ పలకకూ మధ్య సన్నని బద్దలు పెట్టి, గాలి ఆడేలా నీడలో పేర్చాను. అంగుళం మందానికి ఒక ఏడాది ఆరాలని పాత లెక్క. నేను ఒక చిన్న ముక్కను వారం వారం తక్కెడలో తూచేవాణ్ణి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే. వంటింటి తక్కెడ వాడినందుకు జరిగిన గొడవ ఇక్కడ రాయను.

2021కి పలకలు ఆరాయి. వాటితో మనవరాలికి చదువుకునే బల్ల, మా ఇద్దరికీ ఒక మంచం, మిగిలితే పుస్తకాల బీరువా. ఇదీ ప్రణాళిక. నాయన చిత్రిక తీసి మొదలుపెట్టాను. రోజుకు రెండు పలకలు కూడా సాగలేదు. నాలుగో రోజుకి కుడి భుజం ఎత్తలేకపోయాను. డాక్టరు నా వయసు అడిగి, మళ్ళీ చిత్రిక పడతారా అని అడిగి, తల ఊపి ఊరుకున్నాడు.

రెండు మిషన్లు, రెండు పనులు

ఇక్కడే చాలామంది పొరబడతారు. నేనూ పొరబడ్డాను. చెక్కను నునుపు చేసే మిషన్లు రెండు రకాలు. ఒకటి సర్ఫేస్ ప్లేనర్. రెండు ఇనప బల్లల నడుమ తిరిగే బ్లేడు పైకి కనబడుతూ ఉంటుంది, పలకను మనం చేత్తో దాని మీదుగా తోయాలి. వంకర పలకకు ఒక ముఖాన్ని చదును చేసేది ఇదే. రెండోది థిక్‌నెస్ ప్లేనర్. మేం దాన్ని మందం మిషను అంటాం. ఇందులో బ్లేడు పైన పెట్టెలో దాగి ఉంటుంది. పలకను ఒక పక్క పెడితే రోలర్లు పట్టి లోపలికి లాక్కుంటాయి. రెండో పక్క నుంచి మొదలు నుంచి చివరి దాకా ఒకే మందంతో బయటికి వస్తుంది.

ఒకే మందం అన్నాను గానీ చదును అనలేదు, గమనించండి. వంగిన పలకను ఇందులో పెడితే రోలర్లు దాన్ని అదిమి చదునుగా నొక్కిపెట్టి చెక్కుతాయి. బయటికి రాగానే అది మళ్ళీ తన వంకరకు తాను పోతుంది. అరటిపండును పెడితే సన్నటి అరటిపండే వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక మిషను కొని, "నా దుడ్డు పోయింది" అని వాపోయిన వాళ్ళను ఇద్దరిని చూశాను.

మన ప్రాంతంలో చవకగా దొరికేది ఈ రెండూ కలిసిన జోడు మిషను. పోత ఇనుముతో చేసింది, పైన సర్ఫేస్, కింద మందం. బరువైనది, గట్టిది, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. మోటారు వేరుగా బెల్టుతో నడుస్తుంది కాబట్టి చప్పుడూ తక్కువే. పాతది ఒకటి నేను బేరమాడి దాదాపు ఖాయం చేసుకున్నాను. ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడతో చెప్పాను.

"బ్లేడు పైకి కనబడేదేనా?" అని అడిగింది.

అవునన్నాను.

"మామ వేలు మీకు గుర్తుందా?"

గుర్తుండకపోవడమేమిటి! నాయన గనుల పని మానుకున్నాక కొన్నాళ్ళు ఒక చెక్క షెడ్డులో కూలికి పోయాడు. అక్కడ సర్ఫేస్ మిషను మీద కవచం తీసేసి ఉండేది. చిన్న ముక్కను తోస్తుంటే అది ఎగిరింది, ఎడమ చేతి చూపుడు వేలు మొదటి కణుపు దాకా పోయింది. నా చిన్నతనంలో ఆయన అన్నం ముద్ద కలిపి పెడితే ఆ మొండివేలు నా చెంపకు తగిలేది. కోడలుగా వచ్చిన కొత్తలో మా ఆవిడ మొదట గమనించింది అదేనట.

"మందం కావాలంటే తెచ్చుకోండి. వేలు తీసుకునేది మాత్రం ఈ ఇంటికి రాకూడదు" అంది. వాదించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. మర్నాడే ఆ బేరం వదులుకున్నాను. ఇంతకుముందు మిషను పని తెలిసినవాళ్ళు, కవచాలు సరిగ్గా బిగించుకుని వాడేవాళ్ళు జోడు మిషను కొనుక్కోవచ్చు, నేను కాదనను. కానీ ఒంటరిగా, అరవై దాటాక కొత్తగా మొదలుపెట్టేవాడికి బ్లేడు దాగి ఉన్నదే మేలు.

మరి వంకర పలకల సంగతి? దానికి పాత ఉపాయం ఉంది. మందమైన చదును ప్లైవుడ్ పలక మీద వంకర చెక్కను పెట్టి, ఎత్తుగా ఉన్నచోట్ల కింద సన్నటి చీలికలు జొనిపి, కదలకుండా జిగురుతో అతికించాలి. రెండిటినీ కలిపి మిషనులోకి పంపితే పైముఖం చదునవుతుంది. అప్పుడు విడదీసి, తిరగేసి రెండో ముఖం పంపాలి. లేదా నాలాగా ఎత్తుగా ఉన్న మూలలను మాత్రం చేతి చిత్రికతో తీసెయ్యొచ్చు. ఆ కాస్త పనికి భుజం ఏమీ అనదు.

రాజావారి ధర నుంచి ఇంటివాళ్ళ ధరకు

మందం మిషను ఇళ్ళలోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. అమెరికాలో విలియం వుడ్‌వర్త్ అనే ఆయన 1828లోనే చెక్క చిత్రిక మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ పేటెంటును రెండుసార్లు పొడిగించి 1856 దాకా నడిపారు. అన్నాళ్ళూ మిషను పెట్టినవాడల్లా హక్కుదారులకు కప్పం కట్టాల్సిందే. కోర్టుల్లో దావాలు కూడా లెక్కలేనన్ని నడిచాయి. ఆ తరువాత కూడా అది మిల్లుల్లో ఉండే ఏనుగే. 1980ల నడుమ జపాను కంపెనీ ర్యోబి 'ఎ.పి.-10' అని పదంగుళాల చిన్న మిషను తెచ్చాకే ఇంటి షెడ్డులో, ఒంటి ఫేజు కరెంటు మీద, బల్ల మీద పెట్టుకునే రకం మొదలైంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న పన్నెండు, పదమూడంగుళాల చిన్న మిషన్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

నేను చూసినవాటిలో రెండింటి లెక్క చెబుతాను. మకిటా 2012ఎన్‌బి: 304 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే పన్నెండంగుళాలు. రెండు బ్లేడ్లు. నిమిషానికి 8500 చుట్లు. నిమిషానికి ఎనిమిదిన్నర మీటర్ల పలకను లాగుతుంది. 1650 వాట్లు. వీటిని భాగిస్తే మిల్లీమీటరుకు రెండు కోతలు పడతాయి, అంగుళానికి యాభై పైచిలుకు. డీవాల్ట్ 735: పదమూడంగుళాలు, మూడు బ్లేడ్లు, రెండు వేగాలు. మామూలు వేగంలో అంగుళానికి 96 కోతలు, నెమ్మది వేగంలో 179. కోతలు ఎక్కువైతే చెక్క నునుపు ఎక్కువ.

ఈ రెండోది చూసి నోరూరింది. అమెరికాలో ఉన్న మా అన్న కొడుకు "చిన్నాన్నా, నేను తెస్తాను" అన్నాడు. బరువు చూస్తే 42 కిలోలు, విమానంలో మామూలుగా ఒక పెట్టెకు ఇచ్చేది 23 కిలోలు! అదీకాక అక్కడ అమ్మేది 120 వోల్టులది. మన 230 వోల్టులకు తగిలిస్తే పొగ వస్తుంది. నడపాలంటే రెండు కిలోవాట్లు దాటిన ట్రాన్స్‌ఫార్మరు విడిగా కొనాలి. బ్లేడ్లు అరిగితే మళ్ళీ అక్కడి నుంచే రావాలి. పైదేశాల పిల్లలను ఇలాంటివి తెమ్మనే ముందు ఈ మూడు లెక్కలూ వేసుకోండి. వాడికి చాక్లెట్లు చాలన్నాను.

కొనాలా, కూలికి చేయించాలా?

అందరూ దాటేసే ప్రశ్న ఇదే. కూలికి మందం కొట్టి ఇచ్చే షెడ్లు కోలారులో ఉన్నాయి. నా ఇరవై రెండు పలకలు ఒక్కో ముఖం దాదాపు 128 చదరపు అడుగులు, రెండు ముఖాలకు 256. రవాణాతో కలిపి నాకు చెప్పిన కూలి తొమ్మిది వేలు. మిషనుకు నేను కేటాయించుకున్నది ముప్పై వేలు. నిజాయితీగా చెప్పాలంటే, ఒకే ఒక మంచం చేసుకోవాలనుకునేవాళ్ళు మిషను కొనవద్దు. కూలికి ఇచ్చేయండి.

నేను కొన్నందుకు కారణాలు రెండు. మొదటిది, చెక్కను ఒక్కసారిగా కావలసిన మందానికి తేకూడదు. పైపొర తీసేసరికి లోపలి బిగువు మారి పలక మళ్ళీ కాస్త వంగుతుంది. అందుకని ముందు కొంత తీసి, వారం రోజులు ఊపిరి పీల్చుకోనిచ్చి, తరువాత మిగతాది తీయాలి. అంటే రెండుసార్లు ఆటో, రెండుసార్లు కూలి, రెండుసార్లు క్యూ. రెండోది, ఈ బల్లతో నా పని ఆగిపోదని నాకూ తెలుసు, మా ఆవిడకూ తెలుసు.

కొత్తదానికి దుడ్డు చాల్లేదు. బెంగళూరులో షెడ్డు మూసేస్తున్న ఒకాయన దగ్గర పాత మకిటా ఉందని తెలిసింది. నా పలక ఒకటి, కొలిచే వెర్నియర్ ఒకటి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పాతది కొనేవాళ్ళు నేను చేసినట్టే చేయండి. ముందు ప్లగ్గు తీసేసి, బ్లేడు ఉండే డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పిచూడండి. గరగర ఉంటే బేరింగులు పోయినట్టు. డ్రమ్మును పైకీ కిందికీ ఊపిచూడండి, కదలకూడదు. రోలర్ల రబ్బరు గోటితో నొక్కితే మెత్తగా ఉండాలి, ఎండి పగిలి ఉంటే పలకను లాగదు. తరువాత మీ పలకనే అందులో పంపి, ఎడమ అంచూ కుడి అంచూ కొలవండి. నాకు తేడా ఒక మిల్లీమీటరులో పదో వంతు వచ్చింది, అది చాలు. చివరగా, బ్లేడ్లు మన దగ్గర దొరుకుతాయో లేదో దుకాణంలో విచారించాకే డబ్బు ఇవ్వండి. ఇరవై ఎనిమిది వేలకు తెగింది. రెండు వేలు మిగిలింది.

ఆ రెండు వేలూ వైరింగుకు పోయాయి. 1650 వాట్లంటే ఏడు ఆంపియర్లు దాటుతుంది, మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. ఇస్త్రీపెట్టె ప్లగ్గుకు సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించి నడిపితే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పెద్ద ప్లగ్గు, ఎర్తు విడిగా వేయించాను.

నేను చేసిన తప్పులు

మొదటి రోజే ఒక తప్పు చేశాను. ఎనిమిదంగుళాల చిన్న ముక్కను లోపలికి పంపాను. మొదటి రోలరు వదిలేసి, రెండోది ఇంకా పట్టకముందే అది లోపల తిరగబడింది, టపాకాయలా పేలిన చప్పుడుతో వెనక్కి వచ్చి గోడకు తగిలింది. నేను పక్కకు నిలబడి ఉన్నాను కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. అడుగు కన్నా పొట్టి ముక్కలు ఎప్పుడూ పంపవద్దు. పలకకు సూటిగా వెనక నిలబడవద్దు. వంగి లోపలికి తొంగిచూడవద్దు. చేతికి గ్లౌజు వేసుకోవద్దు, రోలరు పట్టుకుంటే గ్లౌజుతో పాటు చేయీ పోతుంది.

రెండో తప్పు, పలకల కొసల మీద పడిన గాట్లు. ఒక రోలరు మాత్రమే పట్టి ఉన్నప్పుడు కొస పైకి లేచి, చివరి రెండు మూడంగుళాలు కాస్త లోతుగా తెగుతాయి. ఇది ఈ చిన్న మిషన్లన్నిటికీ ఉన్న గుణం. లోపలికి వెళ్ళేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు బయటి కొసను కొద్దిగా ఎత్తి పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. అసలు పలకను రెండు వైపులా మూడేసి అంగుళాలు పొడవుగా ఉంచుకుని, చివర కోసేయడం ఇంకా మంచిది.

మూడోది, చెక్కలో ఎప్పుడో కొట్టిన మేకు. చెట్టుకు ఊయల కట్టడానికి కొట్టిందట. బ్లేడుకు గంటు పడి, పలక పొడవునా సన్నటి గీత లేస్తూ వచ్చింది. ఒక బ్లేడును వెంట్రుకవాసి పక్కకు జరిపి బిగిస్తే, ఒకదాని గంటును రెండోది చెరిపేస్తుంది. మిషను ప్లగ్గు తీశాకే సుమా.

మామిడి నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి ఎక్కువ లోతు తీస్తే పెచ్చులు లేస్తాయి. చివరి రెండు సార్లు అర మిల్లీమీటరు మించవద్దు. పొట్టు దుమ్మును తేలిగ్గా తీసుకోవద్దు. చెక్క దుమ్ము క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం 1995లోనే చెప్పింది. మామిడి జీడి కుటుంబానిది, కొందరి చర్మానికి దురద కూడా తెస్తుంది. ముక్కుకు మంచి మాస్కు, చెవులకు మఫ్లు ఉండాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా నడపకపోతే పక్కింటివాళ్ళు కూడా మనవాళ్ళుగానే ఉంటారు.

ఏడడుగుల పలక ఒకసారి దాటడానికి పదిహేను సెకండ్లు. అటూ ఇటూ మోయడం, కొలవడం కలుపుకున్నా, ఇరవై రెండు పలకలకూ మొదటి విడత ఒక పూటలో అయిపోయింది. సాయంత్రం పలకలన్నీ గోడకు ఆనించి నిలబెట్టాను. రంపపు గీతల కింద ఇన్నాళ్ళూ దాగిన బంగారు రంగు, నడుమ నల్లటి చారలు బయటపడ్డాయి. మా ఆవిడ కాఫీ తెచ్చి, ఒక పలక మీద అరచెయ్యి పెట్టి అలాగే కొంచెంసేపు నిలబడింది. "ఈ చెట్టు కిందనే నాయన మధ్యాహ్నం పడుకునేవాడు" అంది. అంతే. గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

బల్ల తయారైంది, మంచమూ తయారైంది. మిషను నుంచి వచ్చిన ముఖం మీద దగ్గరగా చూస్తే సన్నటి అలలు కనబడతాయి. వాటిని నాయన చిత్రికతో తీశాను. ఒక్కో పలకకు పది నిమిషాలు. ఆ చిత్రిక పిడి మీద ఎడమ చెయ్యి పెట్టే చోట, చూపుడు వేలు ఉండాల్సిన దగ్గర కర్ర అరగలేదు. మిగతా వేళ్ళ చోట గుంటలు పడ్డాయి. నా వేళ్ళు పదీ ఉన్నాయి.

తమక వైపు వచ్చేవాళ్ళు మా ఇంటికి రండి. మీ పలక ఒకటి వెంట తెచ్చుకోండి, అడుగు కన్నా పొడవున్నది. మందం కొట్టి ఇస్తాను. కాఫీ సంగతి మా ఆవిడ చూసుకుంటుంది.